మా మలుపు కాడి పచ్చ లైటు

దేవరకొండల బస్టాండు దాటి కొద్దిగ ముంగటికి పోతే బజారు రోడ్డు ఎడమ దిక్కు తిరుగుతది. ఆ మలుపు కాడ ఒక ఇనుప స్తంభం, దాని నెత్తిన వంగిన పైపు, పైపు చివర ఒక లైటు ఉండేది. పసుపు కలిపిన నీళ్ళ లెక్క ఉండేది దాని ఎలుతురు. అందుకే అందరం దాన్ని పచ్చ లైటు అంటుంటిమి. దాని కింద రెండు బండ్లు. ఒకటి మా అమ్మ మిర్చి బజ్జీలది, ఇంకోటి మా మేనమామ పల్లీలది. తెలంగాణ వచ్చిన కొత్తల నేను డిగ్రీ అయిపోయి ఒక ప్రైవేటు బడిల పంతులమ్మగ చేరిన. బడి ఇడిసినంక ఇంటికి పోకుండ సీదా బండి కాడికే పోతుంటి. ఉల్లిగడ్డలు తరుగుడు, కాగితాలల్ల బజ్జీలు కట్టుడు నా పని.

మాది దేవరకొండ పక్క పల్లె. గొర్లు కాసుకునే ఇల్లు. నేను చిన్నగున్నప్పుడే బాపు పోయిండు. మందను చిన్నాయనలు చూసుకున్నరు. ఇద్దరాడపిల్లలను పెట్టుకొని ఏం జెయ్యాల్నో తెల్వక అమ్మ కూసుంటే మామనే వచ్చి మమ్ముల దేవరకొండకు తోల్కొచ్చిండు. అమ్మకు తోడబుట్టినోడు ఆయన ఒక్కడే. పగలంత ఒక పల్లీల గోదాం కాడ కావలి ఉంటుండె. పొద్దుగూకంగనే బండి తోసుకొచ్చి లైటు కింద పెట్టి, ఇసుక పెనంల పల్లీలు ఏంచుతుండె. మక్కల కాలంల బొగ్గుల మీద మక్కబుట్టలు కాలుస్తుండె. అమ్మకు బజ్జీల బండి పెట్టిచ్చింది గూడ ఆయననే. యాడనో పాత బండి ఒకటి తెచ్చి, చక్రాలు బాగుజేయించి, తన బండి పక్కన నిలవెట్టిండు. ఎలుతురున్న కాడనే మనుషులు ఆగుతరు, నువ్వు ఈడనే ఉండు అని అమ్మకు జెప్పిండట. ఈ ముచ్చట అమ్మ నాకు మస్తు సార్లు చెప్పింది.

ఆ లైటు ఒక్కసారి ఎలిగేది కాదు. మునిమాపు కాంగనే నివురు గప్పిన నిప్పు లెక్క ఎర్రగ మినుకు మినుకు మనేది. తర్వాత మెల్లమెల్లగ పెరుగుకుంట పోయేది. అది ఎర్రగున్నప్పుడే అమ్మ పొయ్యి అంటువెట్టేది. లైటు నిండుగ పచ్చగయ్యే యాళ్లకు మూకుట్ల నూనె కాగేది. దాని కింద లోకమంత ఒక్కటే రంగుల ఉండేది. ఎర్ర చీర కట్టుకుంటే మట్టి రంగు. ఆకుపచ్చ చీర కట్టుకుంటే నలుపు. కొత్త చీర కట్టుకొని వచ్చినోళ్లు ఏం రంగు కట్టిండ్రో అడిగితెనే తెలిసేది. మనుషుల మొకాలన్ని నలుగు పెట్టిన పెండ్లి పిల్లల మొకాల లెక్క పచ్చగ మెరిసేటియి. నూనెలకెళ్లి తీసిన బజ్జీలయితే బంగారం. దూరంకెళ్లి చూసినోళ్లకు గూడ నోరూరేది.

వానకాలం మొదటి వాన పడ్డ మర్నాడు సాయంత్రం మాకు పెద్ద పండుగ. పుట్టలకెళ్లి లేసిన రెక్కల ఉసిళ్లు లైటు సుట్టూత ముసురుతుండె. ఆయాల అమ్మ బజ్జీలు బంద్ పెట్టేది, పెట్టకపోతే నూనెలనే పడ్తయి. మామ ఒక పెద్ద తాంబాళంల నీళ్లు పోసి స్తంభం మొదట్ల పెట్టేటోడు. రెక్కలు తడిసి అవి నీళ్లల్ల రాలేటియి. రెక్కలు చెరిగి, ఇసుక పెనంల దోరగ ఏంచి, పేలాలల్ల కలిపి, జెర ఉప్పు కారం సల్లి, ఆ వాడకట్టు పిల్లలందరికి పొట్లాలు కట్టి ఇచ్చేటోడు. అక్క, నేను బండి చక్రం మీద కూసోని తినేటోళ్లం. చేతులకు ఇంకా పేలాల పొట్టు అంటుకొనే ఉన్నట్టనిపిస్తది నాకు.

మామకు ఒక్కడే కొడుకు, మాకు బావ. లారీ నడుపుతడు. అత్త చానా ఏండ్ల కిందనే పోయింది. అక్కను చిన్నప్పటి సంది మామ కోడలా అనే పిలిచేటోడు. అందరం గట్లనే అనుకున్నం. అక్కకు పెండ్లీడు వచ్చినంక ఒకనాడు ఇంట్ల అన్నం తినుకుంట, బావను చేసుకోను అన్నది. ఆయన మంచోడే, గని ఒక్కకాడ పెరిగినం, నాకు అన్న లెక్కనే అనిపిస్తడు అన్నది. అమ్మ ఒక వారం పొద్దులు అక్కను మళ్ల మళ్ల అడిగింది. అక్క అదే మాట మీద ఉన్నది. ఇగ అమ్మ ఒకనాడు మునిమాపున, లైటు ఇంకా ఎర్రగున్నప్పుడే, మామ బండి కాడికి పోయి నిమ్మలంగ చెప్పింది. నేను ఉల్లిగడ్డలు తరుగుకుంట చూస్తున్న. మామ పల్లీలు కలియబెట్టుడు ఆపలే. తల గూడ ఎత్తలే. అమ్మ చానసేపు నిలవడి, తిరిగొచ్చి పిండి కలుపుకున్నది.

గా దినం సంది ఆయన అమ్మతోని మాట్లాడలే.

అక్కను నారాయణపేటకు ఇచ్చినం. పిలగాడు చీరల దుకాణంల పనిజేస్తడు. పెండ్లిల పిల్లను మేనమామ తోల్కరావాలె గద. అమ్మ ముహూర్తం దగ్గరవడే దాక గుమ్మం దిక్కే చూసింది. బావ వచ్చి పందిరి కాడ పొద్దందాక పనిజేసిండు, బంతిల అన్నం ఒడ్డించిండు. మామ రాలే. ఆఖరికి దూరపు సుట్టం ఒకాయన పిల్లను తోల్కొచ్చిండు. అమ్మ కండ్లల్ల నీళ్లు తిరిగినయి, అక్కను సాగదోలుతున్నదని అందరనుకున్నరు.

పెండ్లి అయిన మర్నాడే అమ్మ బండి తీసింది. మామ గూడ తీసిండు. ఇద్దరిల ఎవ్వరు బండి జరపలే. ఆ మలుపుల లైటు అదొక్కటే. జరిగితే చీకట్ల పడ్తరు. పంతానికి పోయి చీకట్ల నిలవడెటంత అమాయకులు కారు ఇద్దరు. అట్ల ఒకే లైటు కింద, చెయ్యి సాపితే అందేటంత దూరంల, కొన్నేండ్లు మాట లేకుండ గడిపిండ్రు.

మాట లేదు గని ఒకరి సంగతి ఒకరికి తెలుస్తనే ఉండె. అమ్మకు అగ్గిపెట్టె కావాలంటే నాతోని, పక్కబండోళ్లను అడుగు అనేది. పక్కబండోళ్లు నేను పోకముందే అగ్గిపెట్టె బండి అంచు మీద పెట్టేటోళ్లు. గాలి లేసినప్పుడు మామ బొగ్గుల మీది నిప్పురవ్వలు మా దిక్కు రాకుండ రేకు ముక్క అడ్డం పెట్టేటోడు. కరెంటు పోతే ఇద్దరి కందిళ్లు ఒక్కసారే ఎలిగేటియి. ఉసిళ్లు వచ్చిన సాయంత్రం మా బండి మీద ఒక పొట్లం ఉండేది. ఎవరు పెట్టిండ్రని అమ్మ అడిగేది కాదు. సగం తిని సగం నాకిచ్చేది. నేను మాత్రం మామతోని మామూలుగనే మాట్లాడేదాన్ని. మీ అమ్మకు మోకాళ్ల నొప్పులు తగ్గినయా అని నన్నడిగేటోడు. అమ్మకు ఇనవడేటట్టే అడిగేటోడు. తగ్గలేదని చెప్పు అని అమ్మ పిండి కలుపుకుంటనే అనేది.

అట్లుండంగ ఒకనాడు బడికెళ్లి వచ్చేసరికి మలుపు కాడ మున్సిపాలిటీ బండి ఆగి ఉన్నది. మీదికి లేసే తొట్టిల ఒకాయన నిలవడి పచ్చ లైటును ఊడదీస్తున్నడు. ఊరంత కొత్త లైట్లు ఏస్తున్నరని, కరెంటు తక్కువ కాలుతదని, ఎలుతురు ఎక్కువస్తదని కింద నిలవడ్డాయన చెప్పిండు. పాత లైటును నా ముంగటనే కిందికి దించిండ్రు. కింద నిలవడి చూసినప్పుడు చిన్నగ కానొస్తుండె గని, దించినంక చూస్తే గుమ్మడికాయంత ఉన్నది. దాని అద్దంల అడుగున ఎండిన పురుగులు, ఉసిళ్ల రెక్కలు పొరలు పొరలుగ పేరుకొని ఉన్నయి. ఆయన దాన్ని బండిల మిగిలిన పాత లైట్ల మీద పడేసిండు. నాకెందుకో ఒకసారి ముట్టుకొని చూడబుద్ధయింది. అడుగుడు మంచిగుండదని ఊకున్న.

ఆ సాయంత్రం అమ్మ పొయ్యి అంటువెట్టకుండ లైటు దిక్కు చూసుకుంట కూసున్నది. ఎర్రగ మినుకుతదేమో, అప్పుడు అంటువెడదామనుకున్నది. అది ఒక్కసారే తెల్లగ భగ్గుమన్నది. మామ చెయ్యి అడ్డం పెట్టుకున్నడు. బజారుల పోయేటోళ్లు ఆగి మీదికి చూసిండ్రు. స్తంభం కింద మట్టి, గోడ మీద పాత వాల్ పోస్టర్లు, మా బండికి తుప్పు వట్టిన జాగలు అన్ని కానొచ్చినయి. అమ్మ కట్టుకున్నది నారాయణపేట చీర, అక్క పంపింది. కుంకుమ రంగు మీద ఆకుపచ్చ అంచు. ఏడాది సంది అదే చీర కట్టుకొని అదే జాగల కూసుంటున్నది గని, సాయంత్రం పూట దాని రంగు నేను చూసుడు అదే మొదలు. మామ గూడ చూసిండు. ఆ చీర ఎవరు పంపిండ్రో ఆయనకు ఎవ్వరు చెప్పకున్నా తెలిసే ఉంటది. ఎంబడే తల దించుకొని పల్లీలు కలియబెట్టిండు.

కొత్త లైటు అమ్మకు నచ్చలే. దవాఖానల కూసున్నట్టున్నది అన్నది. బజ్జీలకు గూడ అచ్చిరాలే. ఎప్పుడు వచ్చేటోళ్లే, పిండి పచ్చిగున్నది, జెర ఏంచు అక్కా అని అడుగుడు వెట్టిండ్రు. అమ్మ ఇంకొంచెం సేపు ఏంచింది. మాడినయి. మాడినయని మళ్లొకలు అన్నరు. శెనగపిండి మార్చింది, నూనె మార్చింది. నేనొకనాడు ఒక బజ్జీని పక్క దుకాణం లోపల గుండు బల్బు కిందికి తీస్కపోయి చూసిన. ఎప్పటి లెక్కనే బంగారం రంగుల ఉన్నది. తెచ్చి కొత్త లైటు కింద పెడితే తెల్లవోయింది. అమ్మకు చూపెట్టిన. అమ్మ దాన్ని అటు ఇటు తిప్పి చూసి, మన బజ్జీలు ఎప్పుడు గింత తెల్లగనే ఉండెనేమో బిడ్డా, లైటు మనకు సాయం జేసింది అని నవ్వింది. పక్క బండి కాడ మామ నవ్వు ఆపుకునేటందుకు దగ్గిండు. ఆ దగ్గు నాకింకా యాదికున్నది, ఎందుకంటే అటెన్క ఆయన నవ్వక చాన దినాలయింది.

ఆ రోజులల్లనే మామ బండి కాడ ఊకూకె కూసుంటుండె. అంతకుముందు రోడ్డు మీద పోయేటోళ్లను పిలిచి పిలిచి పల్లీలు అమ్మేటోడు, ఇప్పుడు అడిగితే ఇచ్చుడు, లేకపోతే లేదు. చేతులు గీకుకుంటుండె. దోమలనుకున్నం. రెండు మూడు పొద్దులు బండి గూడ తియ్యలే. బావ లారీ మీద మహారాష్ట్ర దిక్కు పోయిండు. ఇంట్ల ఒక్కడే. అమ్మ నాతోని, పక్కబండోళ్లు ఏమయిండ్రో చూసిరా అన్నది. పోయి చూస్తే ఇంట్ల చీకట్ల పండుకొని ఉన్నడు. జెరమొచ్చింది, తగ్గింది, రేపు వస్త అని చెప్పిండు. తలుపు కాడ నిలవడే మాట్లాడిన, నాకేం కానరాలే.

అన్నట్టే మర్నాడు బండి తీసిండు. బొగ్గులు రాజేసుకుంట, పొగ వచ్చి కండ్లు మండినయేమో, మొకం పైకెత్తి కండ్లు తుడుసుకున్నడు. సరిగ్గ లైటు కింద. అమ్మ మూకుట్ల బజ్జీలు తిప్పుతున్నది. జల్లిగంటె ఆగింది.

అమ్మ నా దిక్కు తిరిగింది. ఇటు చూడు అన్నది. నేను చూసిన. నా కండ్లు తేరిపార చూసింది. బజ్జీల కోసం నిలవడ్డ ఇద్దరి మొకాలు చూసింది. మళ్ల మామ దిక్కు చూసింది. చూసి, నూనెల బజ్జీలు ఉండంగనే పొయ్యి ఆపి, కొంగుకు చేతులు తుడుసుకుంట ఆయన ముంగటికి పోయింది.

"అన్నా, ఇటు చూడు" అన్నది.

అన్నేండ్లకు ఆ మాట. మామ చేతిల ఇసనకర్ర అట్లనే ఆగింది. నా దిక్కు చూసిండు. అమ్మ ఆయన గదువ పట్టి మొకం లైటు దిక్కు తిప్పింది. చిన్న పిల్లగాని మొకం తిప్పినట్టు తిప్పింది.

"కండ్లు పచ్చగయినయి నీకు."

"ఈ లైటుకు గట్ల కానొస్తది తియ్" అన్నడు మామ.

"పచ్చ లైటు పోయింది అన్నా. ఇది తెల్ల లైటు."

అమ్మ రెక్క పట్టి ఆయనను స్టూలు మీద కూసోబెట్టింది. అన్నం తింటున్నవా అని అడిగింది. తినబుద్ధయితలేదన్నడు. ఎన్ని దినాలాయె అంటే చెప్పలే. ఒళ్లంత దురద అని, ఒంటేలు చాయ్ రంగుల వస్తున్నదని, కడుపుల కుడి దిక్కు నొప్పి ఉంటున్నదని ఒక్కొక్కటి మెల్లగ చెప్పిండు. ఇన్ని దినాలు ఎవ్వరికెందుకు చెప్పలే అని అమ్మ అడగలే. ఎవ్వరున్నరని చెప్తడు.

ఆడ నిలవడ్డోళ్లల్ల ఒకాయన, పచ్చకామెర్లకు ఫలానా ఊర్ల పసరు పోస్తరు, మూడు పూటలల్ల పోతది అన్నడు. మామకు ఆ మాట నచ్చింది. పొద్దుగాల పసరు పోయించుకుంట అన్నడు. నేను ఒద్దన్న. ముందుగాల నెత్తురు చూపిద్దాం, కడుపు ఫోటో తీయిద్దాం, పసరు యాడికి పోదు అన్న. ఆయన మొండికి పడ్డడు. నాకేం కాలే, ఊకె ఫికర్ వెట్టుకోకుండ్రి అన్నడు. అమ్మ ఒక్కటే మాటన్నది. రేపు పొద్దుగాల బస్సుకు నల్లగొండ పోతున్నం, నువ్వు రాకపోతే నేను గూడ బండి తియ్య. మామ తల ఊపిండు.

నేను బడికి సెలవు చెప్పిన. మొదటి బస్సుకే ముగ్గురం నల్లగొండ పోయినం. బస్సుల మామను కిటికీ పక్కన కూసోబెట్టి అమ్మ పక్కన కూసున్నది. దారిపొడుగుత ఆయన కండ్లు మూసుకొనే ఉన్నడు. పగటి ఎలుతురుల చూస్తే కండ్లే గాదు, అరిచేతులు గూడ పచ్చగున్నయి. అమ్మ ఆ చేతిని తన ఒళ్లె పెట్టుకొని నల్లగొండ వచ్చేదాక ఇడవలే.

దవాఖానల ఫోటో తీసి, పిత్తం తిత్తిలకెళ్లి ఒక రాయి జారి గొట్టంల ఇరుక్కున్నదని చెప్పిండ్రు. పసరుకు పోయేది కాదు అది. ఇంకొన్ని దినాలు ఆగితే చీము పట్టి నెత్తురుకు ఎక్కుతుండెనని డాక్టరమ్మ అన్నది. ఎట్ల కనిపెట్టిండ్రని అడిగింది. లైటు మార్చిండ్రమ్మా అని అమ్మ అన్నది. డాక్టరమ్మకు సమజ్ కాలే, నేను మెల్లగ చెప్తే ఇని, ఓసారి మా అమ్మ దిక్కు చూసి నవ్వింది. అక్కడికెళ్లి హైదరాబాదు పెద్ద దవాఖానకు రాసిచ్చింది.

హైదరాబాదుల నోట్లకెళ్లి గొట్టం ఏసి రాయి తీసిండ్రు. బావ ఎక్కడనో లారీ అప్పజెప్పి, దొరికిన బండి పట్టుకొని వచ్చి చేరుకున్నడు. వార్డు బయట నన్ను చూసి ఏడ్చినంత పని జేసిండు. నేను ఇంట్ల ఉన్నా గూడ చూడకపోతుంటి, నువ్వెట్ల చూసినవు అత్తమ్మా అని అమ్మను అడిగిండు. అమ్మ ఆయన తల నిమిరి, పోయి అన్నం తినిరా అన్నది.

రెండో దినం మామకు జెర నిమ్మలమయింది. గోడకు ఒరిగి కూసున్నడు. అమ్మ గ్లాసుల కొబ్బరినీళ్లు పోసి ఇచ్చింది. సగం తాగి, గ్లాసు దిక్కే చూసుకుంట అడిగిండు, "పిల్ల మంచిగున్నదా?"

అక్క గురించి. అమ్మ మంచం పక్కన కింద కూసోని ఉన్నది. "మంచిగున్నది. పిల్లగాడొకడు, పిల్ల ఒకతి. పిల్లకు అన్ని నీ పోలికలే, ఏడిస్తే ఆగదు."

మామ ఇంకొంచెం తాగిండు. "మావోడు గూడ వద్దనే అన్నడు. పక్కకు తీస్కపోయి చెప్పిండు, నాకు చెల్లె లెక్క అని. నేనే మొండికి వడ్డ. నీ బండి కాడికి వచ్చి చెప్పాలంటె కాళ్లు రాలే. ఇటెన్క చెప్పాలంటె నోరు రాలే."

నేను కిటికీ కాడ నిలవడి ఉన్న. అమ్మకు కోపమొస్తదేమో అనుకున్న. మేనమామ లేకుండ పెండ్లి జేసిన మనిషి. అమ్మ మాత్రం చాటల రాళ్లు ఏరినట్టు తన కొంగు అంచును ఏళ్లతోని సవరించుకుంట కూసున్నది. "పోనీ అన్నా. నీళ్లు తాగు" అన్నది. ఆ తర్వాత అక్కకు ఫోన్ జేసి ఆయన చేతికి ఇచ్చింది. ఆయన చెవి కాడ పెట్టుకొని, కోడలా అనబోయి ఆగి, బిడ్డా అన్నడు. అవతల అక్క ఏమన్నదో నాకు ఇనరాలే. మామ మాత్రం ఆ, ఆ అనుకుంట తల ఊపిండు, ఫోన్ల ఆయన తల ఊపుడు ఆమెకు కానొస్తున్నట్టు.

కొన్ని వారాలకు పిత్తం తిత్తి గూడ తీసిండ్రు. మామ చిక్కి సగమయి దేవరకొండకు వచ్చిండు. నూనె వస్తువులు ముట్టద్దన్నరు. ఆయన పని జేసుకునే దాక పల్లీల పెనం నేనే తిప్పిన. ఆయన నడుమ స్టూలు ఏసుకొని, మంట తగ్గియ్యి, ఇసుక మాడుతున్నది, అట్ల కాదు ఇట్ల అని నన్ను సతాయించేటోడు. అమ్మ బజ్జీల వాసన ఆయనను సతాయించేది. అమ్మ ఆయన కోసం అలసందల గుడాలు ఉడకవెట్టి తెచ్చేది. ఇద్దరు మస్తుగ మాట్లాడుకునేటోళ్లు. ఆగిన అన్నేండ్ల మాటలు ఒక్కసారే మాట్లాడినట్టు ఏం ఉండకపోతుండె. మిరపకాయలు ఎక్కడివి, ఈసారి పల్లీకాయ ఎట్లున్నది, ఊర్ల ఎవరి గొర్లకు రోగమొచ్చింది, ఇవే. బజ్జీల పిండి తెల్లగ కానొస్తున్నదని మామనే చెప్పి, బండి గూటికి ఒక గుండు బల్బు తగిలిపిచ్చిండు. పక్క దుకాణమాయనను అడిగి తీగె గుంజిండు. మూకుడు మీద వరకు మళ్ల పచ్చ ఎలుతురు పడ్డది. బజ్జీలు మళ్ల బంగారమయినయి. పచ్చి అన్నోళ్లు పచ్చి అనుడు మానిండ్రు.

కొత్త లైటు అంటే అమ్మకు ఆ తర్వాత పాణం. ఎవరన్న అది కండ్లల్ల కొడ్తున్నది అంటే ఊకోకపోతుండె. దాన్ని ఏమనకుండ్రి, మా అన్నను ఇచ్చింది అనేది. దసరాకు బండికి పూజ జేసినప్పుడు స్తంభానికి గూడ పసుపు పూసి బొట్టు పెట్టింది. నాకు గూడ ఆ లైటు మీద కోపం లేదు. ఉండేటందుకు లేదు. గని మొదటి వాన పడ్డ మర్నాడు మాత్రం మనసు ఒక తీరుగయ్యేది. కొత్త లైటు కిందికి ఉసిళ్లు అంతగ రావు. మామ ఒకసారి తాంబాళంల నీళ్లు పోసి పెట్టిండు. పొద్దువోయే దాక ఆగినం. అడుగున గుప్పెడు గూడ రాలలే. వాడకట్టు పిల్లలు అట్ల వచ్చి చూసి ఇట్ల పోయిండ్రు. వాళ్లకు ఏం పోయిందో వాళ్లకు తెల్వది, అందుకని వాళ్లకు బాధ లేదు. మామ ఆ నీళ్లు రోడ్డు మీద పారబోసి, తాంబాళం బోర్లిచ్చిండు.

తర్వాత రోడ్డు ఎడల్పు జేసిండ్రు. మలుపు పోయింది, స్తంభం పోయింది. బండ్లను ఇంకోతాన పెట్టుకొమ్మన్నరు. అప్పటికే అమ్మ మోకాళ్లతోని నిలవడలేకపోతుండె. బండి అమ్మేసింది. నాకు సర్కారు కొలువొచ్చి మహబూబ్‌నగర్ దిక్కు ఒక గురుకులంల చెప్తున్న. అమ్మ నా కాడనే ఉంటది. మామ దేవరకొండలనే బావ కాడ. బావ గూడ తనకు నచ్చిన పిల్లనే చేసుకున్నడు. పొద్దున చాయ్ తాగుకుంట అన్నాచెల్లెండ్లు ఫోన్ల మాట్లాడుకుంటరు. మాట్లాడుడు తక్కువ, కొట్లాడుడు ఎక్కువ. నిన్న ఫోన్ ఎందుకు చెయ్యలే అన్న దగ్గర మొదలు వెడ్తరు.

పోయిన ఎండకాలం సెలవులకు అక్క పిల్లలతోని దేవరకొండ వచ్చింది. మేం గూడ పోయినం. పిల్లలు ఊరి పక్క ఖిల్లా గుట్ట ఎక్కుతమన్నరు. మామ నేను తోల్కపోత అని కట్టె పట్టుకొని లేసిండు. వద్దంటే ఇనడు. అక్క, నేను వెనకాల పోయినం. సగం దాక ఎక్కి, ఒక బండ మీద కూలవడి, మీరు పోండ్రి, నేనీడనే ఉంట అన్నడు. అందరం ఆడనే కూసున్నం. బండ ఇంకా ఎచ్చగ ఉన్నది. కింద ఊరు మొత్తం కానొస్తున్నది. పొద్దుగూకుతాంది.

చిన్నప్పుడు ఒకసారి ఇదే యాళ్లకు ఇక్కడికెళ్లి చూసిన నేను. కింద ఒక్కొక్క దీపం ఎర్రగ పుట్టి, మెల్లగ పచ్చగయ్యి, బజారుకు బజారు అంటుకున్నట్టు ఊరంత పరుసుకున్నది. మా లైటు ఏదని బావను అడిగితే ఏలు పెట్టి చూపెట్టిండు. ఇప్పుడు నా పక్కన అక్క కూతురు ఫోన్ పట్టుకొని నిలవడ్డది. చూస్తుండంగనే ఊరంత ఒక్కసారి తెల్లగ ఎలిగింది. పిల్లలు సప్పట్లు కొట్టిండ్రు. చాన మంచిగున్నది చూసేటందుకు, అబద్ధం చెప్పద్దు. మా మలుపు ఎక్కడుండెనో ఎతికిన, ఆనవాలు పట్టలేకపోయిన. ఏ బజారు ఏదో నాకు తెల్వలే.

"బస్టాండు అటు ఉన్నది, దానికి ఎడమకు చూడు" అన్నడు మామ, నేనేం ఎతుకుతున్ననో నేను చెప్పకముందే. చూసిన. అన్ని ఒక్క తీరుగనే ఉన్నయి. దొరికిందా అని అడిగిండు. దొరికింది అని చెప్పిన. ఆయన కట్టె ఆనించుకొని లేసి, అక్క పిల్ల చెయ్యి పట్టుకొని, మెట్టు మెట్టుకు ఆగుకుంట కిందికి దిగుడు మొదలువెట్టిండు. పిల్ల ఆయనకు ఏదో ముచ్చట చెప్తున్నది. ఆయన ఇంటున్నడు. మేం వెనకాల దిగినం.